తనూఫ్ గోడల దగ్గర చెప్పిన మాట

ఈ శుక్రవారం నేను పనిచేసే ఇంటి మేడమ్ వాళ్ళు మళ్ళీ తనూఫ్ తీసుకెళ్ళారు. కారు దిగి చాప విప్పుతూ, రెండో అంచు ఎవరో పట్టుకుని లాగుతారన్నట్టు ఒక్క క్షణం ఆగాను. ఎవరూ లాగలేదు. కొత్తగా పనిలో చేరిన శ్రీలంక అమ్మాయి డిక్కీలోంచి ఫ్లాస్కులు దించుతోంది. గాలికి ఎగిరిపోతున్న చాప మీద చెప్పులు పెట్టి నేనే పరిచాను. అప్పటినుంచి, ఇదివరకు ఆ అంచు పట్టుకునే ఆవిడ మీదనుంచి మనసు మళ్ళడం లేదు.

తనూఫ్ ఒమన్‌లో నిజ్వా పట్నం దాటాక, పెద్ద కొండ మొదట్లో ఉన్న పాత ఊరు. యాభై ఏళ్ళ కిందట ఇక్కడ యుద్ధం జరిగింది. కొండ మీద ఇమామ్ మనుషులు, కింద సుల్తాన్ సైన్యం, సుల్తాన్‌కు తోడుగా ఇంగ్లీషువాళ్ళు. విమానాలు వచ్చి బాంబులు వేస్తే ఊరు కూలిపోయింది. తర్వాత ఎవరూ మళ్ళీ కట్టలేదు, మిగిలింది పడగొట్టనూ లేదు. కప్పుల్లేని మట్టి గదులు, సగం మిగిలిన మసీదు కమానులు, గోడల్లో దీపం గూళ్ళు, అన్నీ ఆనాడు ఎలా ఆగిపోయాయో అలాగే ఉంచారు. జనం సెలవు రోజుల్లో వచ్చి చూసి, నీడ చూసుకుని అన్నాలు తిని వెళ్తారు. ఊరి పక్క కాలవలో మాత్రం నీళ్ళు ఇంకా పారుతూనే ఉన్నాయి.

నేను పనిచేసే ఇల్లు సమాయిల్‌లో. ఆవిడ ఆ ఇంట్లో నాకంటే చాలా ముందు చేరింది. వాళ్ళది గోదావరి జిల్లాలో ఏదో లంక. మాది కడప జిల్లా. నేను వచ్చిన మొదటి రోజు వంటింటి గుమ్మం దగ్గర బ్యాగు పట్టుకుని నిలబడితే, ఆవిడ చేపముక్కల చేతులతోనే దగ్గరికి వచ్చి నా ముఖం కిందకీ పైకీ చూసింది.

"మాట్టాడవేంటి? నోరుందా, ఊళ్ళో దాసేసొచ్చావా?"

"ఉండాదక్కా" అన్నాను.

"ఓర్నాయనో, కడపోళ్ళా! బాంబులేమన్నా తెచ్చావేంటే బ్యాగులో?"

నా బ్యాగులో ఉన్నవి పుస్తకాలు. దూరవిద్యలో బి.ఏ. ఆఖరి సంవత్సరం పేపర్లు మిగిలిపోయి ఉన్నాయి నాకు. సెలవుకు వెళ్ళినప్పుడు రాసేద్దామని పాఠాలు మోసుకొచ్చాను. అవి చూసిన దగ్గర్నుంచి నా పేరు మేష్టారమ్మ అయిపోయింది. ఆవిడ ఎవరినీ వాళ్ళ పేరుతో పిలిచేది కాదు. మేడమ్ మునసబు గారు. మేడమ్ మామగారిని నేను పెద్ద బాబా అనేదాన్ని, ఆవిడకు ఆయన కర్ణం గారు. బట్టలుతికే మిషనుకు కూడా ఒక పేరుండేది, అది వాళ్ళింట్లో ఒకప్పటి గేదె పేరు. మిషను గడగడమని ఊగుతూ ముందుకు జరిగితే వెళ్ళి దాని మీద అరచేత్తో తట్టి, "ఆగవే తల్లీ, పాలు పిండేది నిన్ను కాదు" అనేది.

మేడమ్ ఏం చెప్పినా ఆవిడ జవాబు "ఆయ్". అరబ్బీలో సరేననడానికి ఎన్ని మాటలున్నా ఒక్కటీ వాడేది కాదు. ఇంట్లో పిల్లలకు అదే అలవాటైంది. స్కూల్లో టీచరు పేరు పిలిస్తే చిన్నవాడు "ఆయ్" అంటున్నాడని ఫిర్యాదు వచ్చింది. మేడమ్ వంటింట్లోకి వచ్చి కోప్పడింది. ఆవిడ తలవంచుకుని అంతా విని, చివర్న ఎంతో వినయంగా "ఆయ్" అంది. మేడమ్‌కు నవ్వాగలేదు.

అలా నవ్వించి ఎన్నో పనులు చేయించుకునేది, ఎన్నో తప్పించుకునేది. చేపల పులుసులో ఎవరికీ చెప్పకుండా చింతపండు కలిపేది. వచ్చిన చుట్టాలందరూ ఇదే పద్ధతిలో మాకూ చేసి పెట్టమని మేడమ్‌ను అడిగితే, మేడమ్ అది తన పుట్టింటి వంట అని చెప్పుకునేది. ఆవిడ నా చెవిలో, "మునసబు గారిది కూడా మా లంకేనంట, తెలిసిందా?" అనేది.

సమాయిల్ చేపల బండి దగ్గర ఒకసారి ఆవిడ నా ఎదుటే పెద్ద అబద్ధం చెప్పింది. తనూ మేడమూ ఒకే తల్లి పాలు తాగామని చెప్పింది బండి అతనితో. ఇక్కడ పాల చుట్టరికం అంటే రక్త సంబంధం అంత. అతను ఆవిడ ముఖంలోకి చూసి, సలాం చెప్పి, ఊరికే ఇంకో చేప వేశాడు.

దారిలో అడిగాను. "అట్ట చెప్తివేందక్కా? తెలిస్తే?"

"ఏం తెలుత్తాదే? ఆడెళ్ళి మునసబు గారిని అడుగుతాడా? సెప్పడం నా పని. నమ్మడం ఆడి పని. ఎవడి పని ఆడు సేసుకున్నాం."

ఆవిడ అబద్ధాలంటే నాకిష్టంగా ఉండేది. ఆ మాట ఇప్పుడు రాయడానికి కష్టంగా ఉంది. నాకు అబద్ధం రాదు. నోరు విప్పకముందే చెవులు ఎర్రబడతాయి. ఒకసారి గాజు కూజా పగిలితే మేడమ్ చూడకముందే నేనే వెళ్ళి చెప్పాను. ఆవిడ నెత్తి కొట్టుకుంది. "ఎవరడిగారే నిన్ను? పిల్లి తోసేసిందని సెప్తే పిల్లొచ్చి కాదంటాదా?" కానీ ఆ రోజు నుంచి ఆ ఇంట్లో ఏ విషయం తేల్చుకోవాలన్నా మేడమ్ నన్నే పిలిచేది. పిల్లలు అన్నం తిన్నారా, డ్రైవరు నిజంగా గ్యారేజీకే వెళ్ళాడా, ఏదైనా సరే. నేను అవునంటే అవును.

ఆవిడ నన్ను ఎంత బాగా చూసుకుందో కూడా రాయాలి. సాయంత్రం ఇస్త్రీ పని నా వంతు. దిష్‌దాషాలు, అంటే ఇక్కడి మగవాళ్ళు వేసుకునే పొడుగు తెల్ల చొక్కాలు, గుట్టలుగా ఉండేవి. పరీక్షల సంగతి తెలిసిన తర్వాత ఆవిడ ఆ గుట్ట తన వైపు లాక్కుంది. "నువ్వు సదువు. పైకి సదువు, నాకూ ఇనపడాలి." నేను చదువుతుంటే ఆవిడ చొక్కాల మీద నీళ్ళు చల్లుతూ మధ్యలో ఆపేది. ఏ రాజు ఎవరి మీదికి దండెత్తాడో, అతని పెళ్ళాం ఏమైందో అడిగేది. పుస్తకంలో లేదక్కా అంటే, "రాసినోడు మగాడై ఉంటాడు" అనేది.

ఇలాంటి ఇళ్ళలో సెలవు పద్ధతి ఒకటుంది. రెండేళ్ళు నిండితే ఊరికి పంపుతారు, కానీ ఇద్దరినీ ఒకేసారి పంపరు. ఒకరు వెళ్ళొచ్చాకే ఇంకొకరు. వెళ్ళేవాళ్ళు తిరిగి వస్తారా అని ఉండేవాళ్ళను అడుగుతారు. ఒకే గదిలో పడుకునేవాళ్ళకు తెలియకుండా ఉండదని వాళ్ళ నమ్మకం. వీసా ఇచ్చి పూచీ పడే యజమానిని ఇక్కడ కఫీల్ అంటారు. కాగితాల మీద మా కఫీల్ మేడమ్ భర్త. సెలవుల దగ్గరికి వచ్చేసరికి మాకు మేమే, ఒకరికొకరం, కఫీళ్ళం.

ఆ ఏడు ముందు వెళ్ళాల్సింది నేను. ఆవిడ అంతకుముందే ఒకసారి వెళ్ళొచ్చింది. నేను మే నెలలో వెళ్తే పరీక్షలు అందుతాయి. అయితే చలికాలంలో ఒకరోజు ఆవిడ ఇస్త్రీపెట్టె నిలబెట్టి నన్ను అడిగింది.

"మేష్టారమ్మా, నేను ముందెళ్ళొచ్చేత్తాను. మా పిల్ల పెద్దమనిషయ్యిందంట. తల్లి లేకండా ఎట్టా? ఫిబ్రవరిలో ఎళ్ళి మార్చిలో ఒచ్చేత్తాను. నీ మే నెల నీకే ఉంటాది."

నేను వెంటనే ఒప్పుకున్నాను. ఆవిడ అడిగితే ఇంకేదైనా ఒప్పుకునేదాన్నే.

మేడమ్ మాత్రం ఏ సంగతీ తేల్చలేదు. ఆవిడ తిరిగి వస్తుందో లేదోనని మేడమ్‌కు మొదట్నుంచీ అనుమానం. నవ్వించేవాళ్ళను ఇష్టపడతారే గాని నమ్మరు. అలా తేలకుండా ఉన్న రోజుల్లోనే మొదటిసారి తనూఫ్ వెళ్ళాం.

ఆ రోజు పెద్ద బాబా మడత కుర్చీలో కొండకు ఎదురుగా కూర్చున్నాడు. యుద్ధం నాటికి ఆయన మీసాలు రాని పిల్లవాడు, కొండ మీద కాపలా కాసేవాళ్ళకు నీళ్ళు మోసేవాడట. మేడమ్ వాళ్ళు పిల్లలతో కాలవ దగ్గర ఉంటే, మేమిద్దరం ఆయనకు టీ పోస్తూ దగ్గర కూర్చున్నాం. ఆయన కథ మొదలుపెట్టాడు. నాకప్పటికి వంటింటి అరబ్బీ మాత్రమే వచ్చు. ఉల్లిపాయ, సబ్బు, తొందరగా, రేపు, ఇలాంటివి. ఆవిడే నాకు తెలుగులో చెప్పింది.

"ఇమానాలు ఒచ్చినాయంట పాపా. అదిగో, ఆ సందులోంచి. గోడలు బియ్యప్పిండి రాలినట్టు రాలిపోయినాయంట. ఈయన నీళ్ళ తిత్తి నెత్తినెట్టుకుని బండ కింద నక్కాడంట, కర్ణం గారు! ఆ రోజు నించి గాల్లో కాకెగిరినా దణ్ణమెడతాడంట."

"అట్ట అన్నాడా?"

"అనలేదు గాని, ముఖం సూడు."

ఆయన చెప్పుకుంటూ పోయాడు. కొండ వైపు ఒకసారి, ఊరి వైపు ఒకసారి చేయి చూపాడు. రెండు వేళ్ళు తల పక్కన పెట్టి గాడిద చెవుల్లా ఆడించాడు. ఆవిడ నాకు చెప్పడం ఆపేసి, ముందుకు వంగి ఆయన్నేదో అడిగింది. ఆయన మళ్ళీ చెప్పాడు. ఆవిడ మళ్ళీ అడిగింది. చాలాసేపు ఇద్దరే మాట్లాడుకున్నారు.

"ఏమంటాండాడక్కా?"

"ఏం లేదే. గాడిదలు కూడా సచ్చిపోయినాయంట పాపం. ఆకరికి కొండ పోయింది. అంతే కత."

తర్వాత గిన్నెలు కడగడానికి కాలవ దగ్గరికి వెళ్ళాం. ఒక ఇంటి మొండిగోడ కాలవ మీద నీడ వేస్తోంది. ఆవిడ గిన్నె తోమడం ఆపి అటూ ఇటూ చూసింది. నా చేయి పట్టుకుని నీళ్ళలోంచి పైకి తీసి, తన కొంగుతో తుడిచింది.

"నీకొక్కదానికే సెప్తున్నాను. ఎవరికీ సెప్పనని నా మీద ఒట్టెయ్."

వేశాను.

"నాకు రుస్తాఖ్‌లో ఒక మనిషున్నాడు."

నా చెవులు ఎర్రబడడం నాకే తెలిసింది. ఆవిడ నవ్వింది. కానీ అది రోజూ నవ్వే నవ్వులా లేదు.

"టైలరే. మనోడే, నెల్లూరు వైపు. కోట ఎదురు సందులో పచ్చ తలుపు కొట్టు. అక్కడ మునసబు గారి సుట్టాలింట్లో పెళ్ళికెళ్ళలేదా మొన్నటేడు, అప్పుడు జాకెట్టు కొలతిచ్చాను. ఆ కొలత తప్పు కుట్టాడు. మళ్ళీ ఇచ్చాను. మళ్ళీ తప్పు కుట్టాడు. అప్పుడర్థమైంది నాకు." కాసేపు నీళ్ళ వైపు చూసింది. "మా ఆయన సంగతి నీకు తెలుసు కదా, వదిలేసి ఎన్నేళ్ళయిందో. ఇప్పుడెళ్ళి పిల్లకి సెయ్యాల్సింది సేసి, మా సెల్లి దగ్గరెట్టి ఒచ్చేత్తాను. నా బతుకిక్కడే పాపా. రాకుండా ఎట్టా ఉంటాను?"

నాకు ఏడుపొచ్చింది. సంతోషంతోనే. నా జీవితంలో నన్ను నమ్మి ఎవరూ అంత పెద్ద మాట చెప్పలేదు. చుట్టూ ఆ కూలిన ఊరు, పక్కన గిన్నెలు, మధ్యలో ఒక మనిషి తన మనసు నా చేతిలో పెట్టింది అనుకున్నాను. ఆ రాత్రి డైరీలో కూడా ఆ సంగతి రాయలేదు. ఒట్టు వేశాను కదా.

కొద్ది రోజులకు మేడమ్ నన్ను ఒంటరిగా పిలిచింది. ఖర్జూరాల్లోంచి గింజలు తీస్తోంది.

"ఆమె తిరిగి వస్తుందా?"

"వస్తుంది" అన్నాను, నాకొచ్చిన అరబ్బీలో.

"నీకెలా తెలుసు?"

చెప్పలేను. చెవులు వేడెక్కాయి. మేడమ్ నా ముఖం చూస్తూ ఉంది. నేను ఏదో దాస్తున్నానని ఆమెకు తెలిసింది. దాస్తున్నది మంచి కారణమనీ తెలిసింది. అదంతా నా ముఖం మీదే ఉంది.

"వల్లా?" అంది. దేవుడి మీద ఒట్టా అని.

"వల్లా" అన్నాను.

మేడమ్ గింజల గిన్నె పక్కకు జరిపి, భర్తకు ఫోన్ చేసి టికెట్ తీయమని చెప్పింది.

వెళ్ళే రోజు ఆవిడ అట్టపెట్టెకు తాడు నేను కట్టాను. పెట్టె మీద ఊరి పేరు పెద్ద అక్షరాలతో నేనే రాశాను. తన చెప్పుల జత, ఒక నైటీ మంచం కింద వదిలి వెళ్ళింది. సెలవుకు వెళ్ళి వచ్చేవాళ్ళు అలా ఏదో ఒకటి వదిలి వెళ్తారు. కారెక్కుతూ నా తల మీద మొట్టికాయ వేసింది. "నేనొచ్చేతలికి నీ పెట్టె కట్టేసి ఉండాలి. పస్టు రాకపోతే సంపేత్తాను."

మార్చిలో రాలేదు. ఫోన్ చేస్తే "టికెట్టు దొరకట్లేదే, ఒచ్చేత్తున్నా" అంది. ఇంకోసారి, "పిల్లకి జొరం". ఆ తర్వాత ఆ నంబరు పనిచేయలేదు. మేడమ్ అడిగినప్పుడల్లా నేను మంచం కింది చెప్పులు చూపించేదాన్ని. "చూడండి, ఇవి వదిలింది, వస్తుంది." ఏప్రిల్ చివర్లో ఊడుస్తూ వాటిని చేతిలోకి తీసుకున్నాను. ఒకదానికి పట్టీ తెగిపోయి ఉంది. రెండోదాని అడుగు చిల్లి. పారేయాల్సిన జతే నాకు వదిలింది.

మేడమ్ తిట్టలేదు. తిడితే బాగుండేది. ఒకరోజు వంటింట్లోకి వచ్చి, "నువ్వు వల్లా అన్నావు" అంది. అంతే. ఇంకో మనిషి దొరికి, పని నేర్చుకునేదాకా నేను కదలడానికి వీల్లేదు. మే నెల వచ్చింది. పరీక్ష రోజు ఉదయం దిష్‌దాషాల గుట్ట ముందు నిలబడి ఇస్త్రీ చేశాను. గోడ గడియారం చూస్తూ, ఇప్పుడు అక్కడ ప్రశ్నపత్రం ఇస్తూ ఉంటారు అనుకున్నాను. ఇప్పుడు సగం రాసి ఉంటారు. ఇప్పుడు దారం కట్టి ఇచ్చేస్తూ ఉంటారు. ఆ పేపర్లు పూర్తిచేయడానికి నాకున్న గడువు ఆ ఏడుతో అయిపోయింది. మళ్ళీ రాయాలంటే మొదటినుంచి చేరాలి. ఇంకో సంగతి కూడా ఉంది. ఆ తర్వాత మేడమ్ నన్ను ఏదీ అడగడం మానేసింది. పిల్లలు తిన్నారా అని పిల్లలనే అడుగుతుంది.

అయినా ఆవిడను నేను పూర్తిగా అనుమానించలేదు. ఏదో అడ్డం పడి ఉంటుంది, రుస్తాఖ్‌లో ఆయనకు తెలిసి ఉంటుంది అనుకున్నాను. ఆ శీతాకాలం మేడమ్ చుట్టాలింట్లో మరో పెళ్ళికి రుస్తాఖ్ వెళ్ళాం. పిల్లలకు ఐస్‌క్రీమ్ కొనే వంకతో కోట ఎదురు సందులోకి నడిచాను. తేనె అమ్మే కొట్టు, మంగలి షాపు, తాళం వేసిన గోదాము. పచ్చ తలుపు లేదు. తేనె కొట్టు ముసలాయనను అడిగాను, ఇక్కడ ఇండియా టైలరు ఉండేవాడా అని. ఆయన ఆ సందులోనే పుట్టాడట. "టైలరా? ఈ సందులోనా? ఎప్పుడూ లేడమ్మా. కోట వెనక రోడ్డులో అడుగు." ఆ రోడ్డులోనూ అడిగాను. పిల్లల చేతుల్లో ఐస్‌క్రీమ్ కరిగి మోచేతుల దాకా కారుతోంది. ఇక నడవలేమని చిన్నవాడు ఏడుపు మొదలుపెట్టాడు. నాకూ ఏడవాలనే ఉంది గానీ నడిరోడ్డు.

మళ్ళీ ఈ శుక్రవారానికి వస్తాను. పెద్ద బాబా అదే కుర్చీలో, అదే కొండకు ఎదురుగా కూర్చున్నాడు. నేను టీ ఇచ్చాను. ఆయన అదే కథ మొదలుపెట్టాడు. ఇప్పుడు నాకు ఆయన అరబ్బీ బాగానే అర్థమవుతుంది. విమానాలు, నీళ్ళ తిత్తి, బండ. తర్వాత రెండు వేళ్ళు తల పక్కన పెట్టి చెవులు ఆడించాడు.

"గాడిదలా?" అన్నాను.

"గాడిదలు తోలేవాళ్ళు. సుల్తాన్ సైన్యం సామాను మోసేవాళ్ళు. దాడి ముందు రోజు వాళ్ళను పిలిచి రహస్యం చెప్పారు. మేం తనూఫ్ వైపు నుంచే కొండ ఎక్కుతాం, ఎవరికైనా చెప్పారో ప్రాణాలు తీస్తాం అని. పొద్దు వాలేలోపు ఆ మాట కొండ మీద మా చెవుల్లో పడింది. మేమంతా ఇటు వచ్చి కాపలా కూర్చున్నాం. వాళ్ళు అటు, ఇంకో దారిలో ఎక్కారు."

"అంటే ఆ రహస్యం అబద్ధమా?"

"అబద్ధమే. బయటికి పోవాలనే చెప్పారు."

"గాడిదలవాళ్ళకు తెలుసా?"

"పాపం, వాళ్ళకేం తెలుసు? నిజమనే అనుకున్నారు. నిజమనుకున్న మనిషి ముఖం వేరుగా ఉంటుంది. అందుకే మేమూ నమ్మాం." టీ తాగి గ్లాసు నా చేతికిచ్చాడు. "నీ స్నేహితురాలికి ఇదంతా అప్పుడే చెప్పాను కదా. ఎలా నమ్మారు, ఎందుకు నమ్మారు అని మళ్ళీ మళ్ళీ అడిగింది. తెలివైన మనిషి."

గ్లాసు పట్టుకుని అక్కడే కూర్చుండిపోయాను. ఆ కథ విని కాలవ దగ్గరికి నడిచేలోపే ఆవిడకు ఆలోచన వచ్చిందో, లేక ముందే ఉన్న ఆలోచనకు దారి దొరికిందో నాకు తెలియదు. నాకు చెప్పకుండా దాచిన ముక్క మాత్రం అదే. నోరు విప్పనక్కరలేదు, ముఖం చాలు అని ఆవిడకు తెలుసు. ఆ ఇంట్లో నమ్మకం ఉన్నది నా ముఖం ఒక్కదాని మీదే. దాన్నే ఎక్కి దాటింది. చాప ఆ శ్రీలంక అమ్మాయే వచ్చి మడిచింది.

మరుసటి రోజు ఇంటి ఫోన్‌కు ఇండియా నుంచి కాల్ వచ్చింది. ఆవిడ చెల్లెలు.

"మేష్టారమ్మ గారాండి? మా అక్క పోయిందండి. పది రోజులైంది. పచ్చకామెర్లు. నాటుమందు ఏయించాం గాని ఆగలేదండి."

ఫోను రెండో చెవికి మార్చుకున్నాను. ఆ చప్పుడు ఆమెకు ఏడుపులా వినిపించి ఉంటుంది, ఓదార్చడం మొదలుపెట్టింది.

"మీ గురించి ఎప్పుడూ సెప్పేదండి. అక్కడ నాకో పిల్లుంది, బంగారం లాంటిది, ఏం సెప్పినా నమ్ముద్ది అని. ఎప్పుడు సెప్పినా నవ్వేది."

ఆమె పొగుడుతున్నాననే అనుకుంటోంది. అలాగేనండి అన్నాను.

"ఇంకోటండి. రుస్తాఖ్ టైలరు గారికి ఎలా తెలియాలో మాకు అర్థం కావట్లేదండి."

"ఎవరికి?"

"అదేనండి, పచ్చ తలుపు కొట్టు. మీకు తెలుసంట కదా. మా బావ మళ్ళీ కాపురానికి రమ్మని పెద్దమనుషుల్ని పంపాడండి. మా అక్క ఒకటే మాట. నాకు రుస్తాఖ్‌లో మనిషున్నాడు, వీసా పంపుతాడు, నేనెల్లిపోతాను అని. నమ్మకపోతే ఆ మేష్టారమ్మని అడగండి, ఆ పిల్ల అబద్ధమాడదు అంది. ఇంకెవరూ నోరెత్తలేదండి."

ఒకే అబద్ధాన్ని రెండు ఊళ్ళలో వాడుకుంది. రెండు చోట్లా పూచీ నేనే. మోసం చేసిందని తెలిసినప్పటికంటే ఈ మాట ఎక్కువ గుచ్చుకుంది. అబద్ధమైతే అయింది, కనీసం నాకోసం అల్లిన అబద్ధం, ఆ గోడ నీడలో నాకొక్కదానికే చెప్పింది అని ఎక్కడో అనుకుంటూ ఉన్నట్టున్నాను. అది కూడా నాది కాదు.

"ఆయనకి మీరే సెప్పాలండి. పాపం, ఎదురు సూత్తా ఉంటాడు."

అలాంటి మనిషి లేడండి అని చెప్పడానికి నోరు తెరిచాను. అవతల ఆ పిల్ల, పెద్దమనిషైన ఆ కూతురు, ఎవరినో నీళ్ళు అడుగుతున్న గొంతు వినిపించింది. వాళ్ళ నాన్న ఇంకా ఆ ఊళ్ళోనే ఉన్నాడు. నేను కాదంటే ఆ మాట ఆయన దాకా వెళ్తుంది, పెద్దమనుషులు ఈసారి పిల్ల కోసం వస్తారు.

"చెప్తానండి" అన్నాను.

ఈ సాయంత్రం ఆ చెల్లెలు మళ్ళీ ఫోన్ చేసింది. మేడమ్ హాల్లోనే ఉంది. నేను ఫోన్ పట్టుకుని వంటింట్లోకి వెళ్ళాను.

"సెప్పారాండి?"

"చెప్పినాను."

"ఏమన్నారండి?"

స్టీలు డబ్బా మూతలో నా ముఖం కనిపిస్తోంది. చెవుల వైపు చూశాను.

"మిషను కుడుతూ కుడుతూ ఆపేసినాడు" అన్నాను. "చేతిలో ఒక జాకెట్టు ఉండె. దాన్ని విప్పతీసి, మళ్ళీ మడత పెట్టినాడు."

అవతల ఆమె ఏడవడం వినిపించింది. తర్వాత ముక్కు చీది, "ఎలా ఉంటాడండి ఆయన?" అని అడిగింది.

వంటింటి తలుపు దగ్గరగా వేసి, చెప్పడం మొదలుపెట్టాను.